పోర్టుల కాపలాకు నెట్‌క్యాట్: ఆరు నెలల వాడకం తర్వాత

అమీర్‌పేటలోని మా ఆఫీసులో 11 సర్వర్ల బాధ్యత నాది. నెట్‌వర్క్ కనెక్షన్లను పరీక్షించే నెట్‌క్యాట్ అనే కమాండ్‌తో రాసుకున్న ఇరవై వరుసల స్క్రిప్టే వాటికి కాపలా. పనులను వేళకు నడిపే క్రాన్ దాన్ని 5 నిమిషాలకోసారి నడుపుతుంది. నెట్‌క్యాట్‌కు జెడ్ (-z) ఆప్షన్ ఇస్తే డేటా ఏమీ పంపకుండా పోర్టు (సర్వర్‌లో ఒక్కో సేవకు ఉండే నంబరు ద్వారం) తెరిచి ఉందో లేదో చూస్తుంది. డబ్ల్యూ (-w) ఆప్షన్ పక్కన 3 పెడితే మూడు సెకన్లకు మించి ఎదురుచూడదు.

తప్పు ఎక్కడుందో చెప్పే తీరు నాకు ఎంతో నచ్చింది. మొన్న అర్ధరాత్రి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడే 5432 పోర్టుకు ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వచ్చింది. యంత్రం జవాబిస్తోంది, పోస్ట్‌గ్రెస్ మాత్రం ఆగిపోయింది! అదే జవాబే రాకుండా గడువు దాటి ఉంటే ముందు కనెక్షన్లను అడ్డుకునే ఫైర్‌వాల్‌ను అనుమానించేవాణ్ణి. మియాపూర్‌లోని ఇంట్లోంచి కదలకుండానే సరిచేశాను.

కనెక్షన్ కుదుర్చుకోకుండానే డేటా పంపే యూడీపీ పోర్టులకు మాత్రం దీన్ని నమ్మకండి. అవతలి నుంచి జవాబు రాకపోయినా తెరిచి ఉందనే చెప్పవచ్చు. అందుకే ఎక్కువగా యూడీపీతో నడిచే డీఎన్‌ఎస్‌కు (సైట్ల పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే సేవకు) నేను డిగ్ అనే కమాండ్ వాడుతున్నాను.