సిగ్నల్ దాటామన్న బెంగ ఉంటే: తెలంగాణ ఈ-చలాన్ సేవ ఎంతవరకు పనికొస్తుంది

ఆరెంజ్ లైటు ఉండగానే బండి లాగించేశారు, జంక్షన్ మధ్యలోకి వచ్చేసరికి ఎర్ర లైటు పడింది, ఎదురుగా స్తంభం మీద కెమెరా. ఇక ఆ రాత్రంతా ఒకటే బెంగ: ఎంత పడుతుంది, లైసెన్సు పోతుందా, కోర్టు మెట్లెక్కాలా? హైదరాబాద్ పరిసరాల్లో జరిగిన దానికైతే జవాబు తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ పేజీలోనే దొరుకుతుంది. ఆ పేజీలో మొదట చూడాల్సింది ఫొటో. చాలామంది దాన్ని తెరవకుండానే డబ్బు కట్టేస్తారు, అక్కడే నష్టపోతారు.

వెతకడం తేలికే. బండి నంబరును ఆర్సీలో ఉన్నట్టే ఖాళీలు లేకుండా కొట్టాలి. నంబరు 45 అయితే 0045 అనే వేయాలి. 2024 మార్చికి ముందు రిజిస్టరైన బండికి పాత టీఎస్ అక్షరాలే ఉంటాయి; టీజీ అని కొడితే ఏమీ రాదు, ‘చలాన్ లేదు’ అని పొరబడతాం. ఆర్సీ దగ్గర పెట్టుకుని కూర్చుంటే మంచిది, ఇంజిన్ లేదా ఛాసిస్ నంబరు చివరి అంకెలు అడిగినప్పుడు తడుముకోనక్కర్లేదు.

వచ్చే పట్టికలో తేదీ, సమయం, స్థలం, పోలీస్ స్టేషన్ పరిధి, ఉల్లంఘన పేరు, జరిమానా, యూజర్ ఛార్జీ వేర్వేరుగా ఉంటాయి. ఉల్లంఘన పేరు దగ్గర ఆగి చదవండి. స్టాప్ లైన్ దాటడం వేరు, సిగ్నల్ జంపింగ్ వేరు. గీత మీదికి ముందు చక్రం వెళ్లి ఆగితే హైదరాబాద్‌లో 100 రూపాయలు, యూజర్ ఛార్జీ 35 కలిపి 135. ఎర్ర లైటు ఉండగా జంక్షన్ దాటితే అది మోటారు వాహనాల చట్టంలో ప్రమాదకర డ్రైవింగ్‌కు వర్తించే సెక్షన్ 184 కిందికి పోయి 1000, ఛార్జీతో 1035. ఎడమవైపు ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డంగా బండి ఆపినా 1000. ఇది 2022 అక్టోబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసుల ప్రత్యేక డ్రైవ్ ‘ఆపరేషన్ రోప్’ మొదలైనప్పుడు గట్టిగా అమల్లోకి వచ్చింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని పెంచిన జరిమానాలను తెలంగాణ తీసుకోలేదు కాబట్టి ఇక్కడ పాత రేట్లే. ఆ చట్టంలో ఎర్ర లైటు దాటడానికి మొదటిసారి 1000 నుంచి 5000 దాకా ఉంది. ఇంటర్నెట్‌లో 5000 అని చూసి గుండె బాదుకునేవాళ్లు చాలావరకు చూస్తున్నది ఆ అంకెనే.

యూజర్ ఛార్జీ ఒక్కో చలాన్‌కు విడివిడిగా పడటం మాత్రం మెచ్చుకోలేం. 100 జరిమానా మీద 35 అంటే మూడో వంతు కంటే ఎక్కువ.

ఇక ఫొటో. పెద్దది చేసి నాలుగు విషయాలు చూడాలి. నంబరు ప్లేటు మీదేనా: 3, 8 తారుమారు కావడం, వంగిన ప్లేటు మీద అంకె సగమే కనిపించడం మామూలు. బండి రంగు, మోడల్ మీవేనా: వేరేవాళ్లు మీ నంబరు పెట్టుకుని తిరుగుతుంటే ఇక్కడే బయటపడుతుంది. వెనక చక్రం గీతకు ఎటువైపు ఉంది? అది గీత వెనకే ఉండి, బండి ఆగినట్టు కనిపిస్తే మీరు కట్టాల్సింది 135; చలాన్ 1035కు ఉంటే అడగాల్సిందే. చివరిది, ఎర్ర లైటు ఫ్రేములో ఉందా? స్థిరంగా బిగించిన కెమెరాలకు ఇది సాధారణంగా పడుతుంది. సిబ్బంది చేతి కెమెరాతో వెనకనుంచి తీసిన ఫొటోలో ఒక్కోసారి బండి తప్ప లైటు ఉండదు. అలాంటి ఫొటో ఒక్కటే ఆధారమైతే అభ్యంతరం చెప్పడానికి మీకు చోటుంది.

ఈ సేవలో బలహీనత అంతా ఆ అభ్యంతరం దగ్గరే. డబ్బు కట్టడానికి రెండు నిమిషాలు చాలు. తప్పు సరిచేయించాలంటే ఓపిక కావాలి. ఫిర్యాదులో చలాన్ నంబరు, ఆర్సీ కాపీ, మీ బండి ముందు, వెనక ఫొటోలు, తప్పేమిటో ఒక్క వాక్యం పెట్టండి. ‘నేను ఆ రోజు ఊళ్లో లేను’ అని మాత్రమే రాస్తే పని జరగదు, బండి ఊళ్లో లేదని చూపాలి: టోల్ రసీదో, సర్వీస్ సెంటర్ బిల్లో. ముందు కట్టేసి తర్వాత ఫిర్యాదు చేద్దామనుకోకండి, కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టే.

లైసెన్సు సంగతి. సిగ్నల్ జంపింగ్‌కు కనీసం మూడు నెలల సస్పెన్షన్ ఉండాలని సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ 2015లో ఆదేశించింది, కాబట్టి ఆ అధికారం కాగితం మీద ఉంది. కానీ కెమెరా చలాన్ బండి యజమాని పేరున వస్తుంది, నడిపింది ఎవరో వెనక ఫొటోలో తేలదు. మొదటిసారి పడ్డ ఒక్క చలాన్ మామూలుగా జరిమానాతోనే ముగుస్తుంది. పేరుకుపోనిస్తేనే చిక్కు.

ఆ రాత్రే వెతికి ఏమీ లేదని నిశ్చింతగా పడుకోకండి. ఫొటో పరిశీలించి అప్‌లోడ్ చేసేసరికి రోజులు పడుతుంది. ఎలక్ట్రానిక్ నిఘాతో పట్టుబడిన ఉల్లంఘనకు నోటీసు 15 రోజుల్లో పంపాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 167ఏ చెబుతుంది. వారానికోసారి, మళ్లీ పదిహేనో రోజున చూస్తే చాలు, గంటకోసారి చూసి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఆర్సీలో పాత మొబైల్ నంబరుంటే మెసేజ్ మీకు రాదు, ముందు అది మార్పించండి. వాట్సాప్‌లో ‘చలాన్’ పేరుతో ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ దించే ఫైలు) వస్తే ముట్టుకోవద్దు. అది ఫోన్‌లోకి దిగితే ఓటీపీలన్నీ దొంగల చేతికి పోతాయి. అసలు పేజీ చిరునామా గవ్ డాట్ ఇన్‌తోనే ముగుస్తుంది.

డబ్బు తెగి చలాన్ అలాగే కనిపిస్తే రెండోసారి కట్టకండి. లావాదేవీ నంబరు రాసిపెట్టుకోండి. విఫలమైన ఆన్‌లైన్ చెల్లింపు ఐదు రోజుల్లో వెనక్కి రావాలన్నది రిజర్వు బ్యాంకు నియమం.

రాయితీ కోసం ఆగడం ఇంకో అలవాటు. 2022 మార్చిలో టూవీలర్లకు 75 శాతం, 2023 డిసెంబరు చివరి నుంచి 80 శాతం తగ్గించారు. వెంటనే కట్టినవాళ్లకు అది అన్యాయమే. అయినా మళ్లీ ఎప్పుడిస్తారో తేలని రాయితీకి ఆశపడి చలాన్లు పోగేసుకుంటే, బండి అమ్మే రోజున అన్నీ ఒక్కసారి మీద పడతాయి.

విజయవాడలోనో వేరే రాష్ట్రంలోనో దాటి ఉంటే ఈ పేజీలో వెతికి లాభం లేదు, కేంద్రం నడిపే పరివాహన్ ఈ-చలాన్ పేజీలో చూడాలి. బండి అమ్మేసినా ఆర్సీ మీ పేరుమీదే ఉంటే, కొన్నవాడు దాటిన సిగ్నల్‌కు కూడా చలాన్ మీకే వస్తుంది.