ముక్క పరీక్షకు పొగతోటలోని ఒక ల్యాబ్: మా అనుభవం, నా అంచనా

నెల్లూరు పొగతోటలో ఆసుపత్రులకు, స్కానింగ్ సెంటర్లకు, మందుల షాపులకు కొదవ లేదు. రక్త పరీక్షల ల్యాబులైతే సందుకొకటి కనిపిస్తుంది. శరీరం నుంచి తీసిన గడ్డను కోసి, మైక్రోస్కోపు కింద పరిశీలించి, అదేమిటో తేల్చే ముక్క పరీక్ష, అంటే హిస్టోపాథాలజీ పని మాత్రం వేరు. రక్తంలో చక్కెర ఎంత ఉందో యంత్రం చెప్పేస్తుంది. గడ్డ మంచిదో చెడ్డదో చెప్పడానికి చదువుకున్న మనిషి ఓపికగా కూర్చుని చూడాలి. మా అక్క కాలి గడ్డ విషయంలో అలాంటి ల్యాబ్ ఒకదానితో ఇటీవల మాకు పని పడింది. మెచ్చుకోవలసినవాటితో పాటు తప్పుపట్టవలసినవీ ఉన్నాయి కనుక దాని పేరు ఇక్కడ రాయడం లేదు. నా అంచనా ముందే చెబుతున్నాను: రోగ నిర్ధారణలో వంక పెట్టడానికి ఏమీ లేదు, డబ్బు కట్టించుకునే కౌంటరు తీరు మాత్రం మారవలసి ఉంది.

అక్కది బుచ్చిరెడ్డిపాళెం. వయసు యాభైకి దగ్గర పడింది. ఎడమ చీలమండకు కాస్త పైన, వెనక వైపున, చర్మం కింద ఒక గట్టి గడ్డ చాలా ఏళ్లుగా ఉంది. అది పెరిగింది తక్కువ, ఏడిపించింది ఎక్కువ. చలికాలంలో చన్నీళ్లు పడినా, మంచం కోడు కొద్దిగా తగిలినా నొప్పి పిక్క దాకా పాకేది. చూసిన వాళ్లందరూ కొవ్వు గడ్డ అన్నారు. అయితే కొవ్వు గడ్డ మెత్తగా ఉంటుంది, మామూలుగా నొప్పి పెట్టదు. చివరికి చూపించిన సర్జన్ గారు అల్ట్రాసౌండ్ తీయించారు. గడ్డ అంచులు స్పష్టంగా ఉన్నాయని, డాప్లర్‌లో లోపల రక్తం పారుతున్నట్టు కనిపిస్తోందని అందులో వచ్చింది. వేరొక చోట చేయించిన సూది పరీక్షలో రక్తమే తప్ప కణాలు సరిపడా రాలేదు. అది ఆ ల్యాబ్ లోపం అనడానికి లేదు. ఇలాంటి గడ్డల్లో కణాలు ఒకదానికొకటి గట్టిగా అల్లుకుని ఉంటాయి, చుట్టూ రక్తనాళాలు ఉంటాయి, అందువల్ల సూదికి రక్తం వచ్చినంత సులువుగా కణాలు రావు. గడ్డ మొత్తం తీసి ముక్క పరీక్షకు పంపుదామని సర్జన్ గారు నిర్ణయించారు. గడ్డ అనగానే మద్రాసుకు తీసుకుపొమ్మని సలహా ఇవ్వడం మా వైపు అలవాటు. ఆయన మాత్రం మనిషి మద్రాసు పోనక్కరలేదని, అవసరమైతే ముక్క పోతుందని అన్నారు. తరువాత జరిగింది కూడా అదే.

ల్యాబ్ మీద నాకు గౌరవం కలిగింది ముక్క ఇచ్చే బల్ల దగ్గరే. అక్కడి కుర్రవాడు ముందుగా సీసాను వెలుతురులోకి ఎత్తి చూశాడు. గడ్డ పూర్తిగా ఫార్మలిన్‌లో, అంటే ముక్క చెడకుండా నిలిపే ద్రవంలో, మునిగి ఉందా, ద్రవం చాలినంత ఉందా అన్నది అతడు చూసిన మొదటి విషయం. ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ఫార్మలిన్ ఉండాలన్నది నియమం. తక్కువైతే ముక్క లోపలి భాగం సరిగా నిలవక పాడవుతుంది, అప్పుడు ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా చెప్పగలిగేది తగ్గిపోతుంది. తరువాత అతడు పేరు చీటీ మూత మీద కాకుండా సీసా ఒంటికి అంటించి ఉందో లేదో చూశాడు. మూతలు ఒకదాని బదులు ఒకటి మారిపోతాయి కదా. ఎంత చిన్న జాగ్రత్త! ఇది పాటించనందువల్ల ఒకరి రిపోర్టు ఇంకొకరికి చేరితే జరిగే అనర్థం ఊహించుకోవచ్చు.

అంతకన్నా ముఖ్యమైనది వాళ్లు నింపించిన ఫారం. పేరు, వయసు, ఫోను నంబరుతో సరిపెట్టే ఫారం కాదది. గడ్డ ఎన్నాళ్లుగా ఉంది, నొప్పి ఉందా, స్కానింగులో ఏం వచ్చింది అన్న ప్రశ్నల తరువాత, గడ్డ చర్మం కింది పొరలోనే ఉందా, కండరాన్ని కప్పే పొరకు కింద లోతుగా ఉందా అని ఒక గడి ఉంది. సర్జన్ గారి చీటీలో ఆ సంగతి లేదు. కౌంటరులోని అమ్మాయి అక్కడికక్కడే ఆయనకు ఫోను చేసి, కనుక్కుని, రాసిన తరువాతే ముక్కను లోపలికి పంపింది. అప్పుడు అది అనవసరమైన ఆలస్యంగా అనిపించినా, ఆ ఒక్క గడికి ఎంత విలువ ఉందో పాథాలజిస్టు డాక్టరమ్మ వివరించిన తరువాత అర్థమయింది.

ఆవిడ రిపోర్టు రాసే ముందు మమ్మల్ని పిలిపించడం నేను ఊహించనిది. పాథాలజిస్టు రోగిని చూడడం మన ఊళ్లలో అరుదు. "అమ్మా, ఒంటి మీద ఇంకెక్కడైనా ఇట్లాంటి గడ్డలు ఉండాయా? మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ గడ్డ వచ్చిందా?" అని అడిగారు. "లేదమ్మా, ఇదొక్కటే. నా ప్రాణానికి ఇదే చాలు" అంది అక్క. తరువాత ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోపు దగ్గర నన్ను కూర్చోబెట్టి స్లైడు చూపించారు. గులాబీ రంగు కట్టలు ఒకదానినొకటి అడ్డంగా దాటుకుంటూ పోతున్నాయి. వాటిలో పొడవాటి, ఊదారంగు కేంద్రకాలు రెండు చివరలా మొద్దుగా, చుట్ట ఆకారంలో ఉన్నాయి. మధ్య మధ్య సన్నని చీలికల వంటి రక్తనాళాలు. వాటి గోడల్లోని కండరం ఎక్కడ ముగుస్తోందో, గడ్డ ఎక్కడ మొదలవుతోందో చెప్పలేనంతగా ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. నునుపు కండరపు (మన ప్రమేయం లేకుండా తనంతట తాను పనిచేసే కండరపు) గడ్డ అనడానికి ఆ కణాల రూపం, అది రక్తనాళం గోడ నుంచి పుట్టిందనడానికి ఆ కలయిక ఆధారాలని ఆవిడ అన్నారు.

దీని పేరు యాంజియోలియోమయోమా. గర్భసంచిలో వచ్చే ఫైబ్రాయిడ్ గురించి తెలియని ఇల్లు ఉండదు. అదీ నునుపు కండరపు గడ్డే. నునుపు కండరం గర్భసంచిలోనే కాక, సిరల గోడల్లో, వెంట్రుకలను నిక్కబొడిచే చిన్న కండరాల్లో కూడా ఉంటుంది గనుక చేతుల్లోనూ కాళ్లలోనూ చర్మంలోనూ ఇలాంటి గడ్డ రావచ్చు, కాకపోతే అరుదుగా. జపాను పాథాలజిస్టులు 562 కేసులను కలిపి 1984లో ప్రచురించిన పరిశీలనలో ఎక్కువ గడ్డలు కాళ్లలోనే ఉన్నాయి, సగానికి పైగా రోగులకు నొప్పి ఉంది. మధ్యవయసు స్త్రీలలో ఎక్కువ. చలికి, ఒత్తిడికి నొప్పి పెరగడం కూడా తెలిసిన లక్షణమే. రక్తనాళాలు ముడుచుకున్నప్పుడు గడ్డకు రక్తం తగ్గడం వల్ల ఆ నొప్పి పుడుతుందని ఒక వాదన, గడ్డ పొరలోని సన్నని నరాల వల్ల అని మరొకటి. వీటిని ఘనరకం, సిరల రకం, గుహల రకం అని మూడుగా విభజించే పద్ధతి 1973 నుంచి ఉంది. అక్కది ఘనరకం. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది అదే.

ఇక ఆ గడి సంగతి. చర్మం కింది పొరలో, చిన్నగా, రక్తనాళాన్ని అంటుకుని ఉన్న నునుపు కండరపు గడ్డ దాదాపు ఎప్పుడూ హాని చేయనిదే. అదే రకం కణాలు కండరాల మధ్య లోతుగా ఉన్న గడ్డలో కనిపిస్తే పాథాలజిస్టు తేలికగా మంచి గడ్డ అని రాయకూడదు. లోతైన మెత్తని కణజాలంలో హాని చేయని నునుపు కండరపు గడ్డ (లియోమయోమా) కన్నా క్యాన్సర్ అయిన లియోమయోసార్కోమాయే ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడ కణాల రూపంలో ఏ వికారమూ ఉండకూడదు, చచ్చిన కణజాలం ఉండకూడదు, కాళ్లు చేతుల గడ్డలైతే మైక్రోస్కోపులో బాగా పెద్దది చేసి యాభై చోట్ల వెతికినా విభజన చెందుతున్న కణం ఒకటి కూడా దొరకనంత అరుదుగా ఉండాలి. స్త్రీలకు పొట్ట వెనుక భాగంలో వచ్చే రకానికి కొలతలు మళ్లీ వేరు. వాటిలో హార్మోను గ్రాహకాలు, అంటే హార్మోన్లను పట్టుకునే ప్రోటీన్లు, ఉన్నాయా అని కూడా చూస్తారు. అంటే గడ్డ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని డాక్టరు అదే స్లైడును చూసి సరైన మాట చెప్పలేరు. ముక్కను సీసాలో వేసి, కాగితం మీద "గడ్డ, కాలు" అని రాసి పంపితే అంతా మైక్రోస్కోపే చెబుతుందనుకునే మనబోటి వాళ్లం, మనతో పాటు కొందరు సర్జన్లూ, ఈ విషయం గమనించాలి. ఈ ల్యాబ్‌ను నేను సిఫారసు చేయడానికి మొదటి కారణం, అడగవలసినవి వీళ్లు అడుగుతారు.

కిడ్నీ ప్రశ్నకూ కారణం ఉంది. చర్మంలో ఇలాంటి గడ్డలు గుంపుగా వచ్చే, ఎఫ్‌హెచ్ అనే జన్యువులో లోపం ఉండే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ఆ ఇళ్లలో ఆడవాళ్లకు చిన్న వయసులోనే ఫైబ్రాయిడ్లు, కొందరికి ప్రమాదకరమైన కిడ్నీ క్యాన్సర్ వస్తాయి. అక్కది ఒకే గడ్డ, పైగా రక్తనాళానిది. ఆ భయం లేదని ఆవిడ తేల్చారు.

అయినా రిపోర్టు వెంటనే ఇవ్వలేదు. గడ్డలో ఒక భాగాన రక్తనాళాలు పలచబడి, కణాలు మాత్రమే దట్టంగా ఉన్నందువల్ల నరపు గడ్డ కాదని నిర్ధారించుకోవాలని, ముక్కను పొదిగి ఉంచిన మైనపు దిమ్మను ఇమ్యూనో పరీక్షకు, అంటే కణాల్లోని ప్రత్యేక ప్రోటీన్లను (మార్కర్లను) బట్టి అవి ఏ రకానివో గుర్తించే పరీక్షకు, చెన్నైకి పంపారు. అక్కడ కండరాన్ని గుర్తించే ఎస్‌ఎంఏ, డెస్మిన్ పాజిటివ్ వచ్చాయి, నరపు గడ్డలను గుర్తించే ఎస్-100 నెగెటివ్ వచ్చింది. ఇలాంటి చిన్న గడ్డకు మామూలు రంగు వేసిన స్లైడుతోనే చాలాసార్లు పని జరిగిపోతుంది కనుక ఈ పరీక్ష తప్పనిసరా అని అడిగేవారు ఉండవచ్చు. తనకు కలిగిన అనుమానాన్ని దాచుకోకుండా తీర్చుకున్న డాక్టరు వైపే నేను ఉంటాను.

నా ఫిర్యాదు ఆ ఖర్చు గురించి కాదు, అది చెప్పిన తీరు గురించి. ఇమ్యూనో పరీక్షకు ఒక్కొక్క మార్కరుకు విడిగా డబ్బు కట్టాలన్న సంగతి ముక్క పంపించిన తరువాతే మాకు తెలిసింది. ఎన్ని మార్కర్లు, మొత్తం ఎంత అని కౌంటరులో అడిగితే "రిపోర్టు వచ్చినాక చూద్దాం సార్" అన్నారు. రొయ్యల గుంటల్లో కూలికి పోయే మనిషికి ఈ సమాధానం ఇస్తే అతను ఏం చేయాలి? పరీక్ష అవసరం కావచ్చని, అయితే సుమారుగా ఇంత అవుతుందని మొదటి రోజే కాగితం మీద రాసి ఇవ్వడం కష్టమేమీ కాదు. లోపల అంత శ్రద్ధగా పనిచేసే చోట బయటి కౌంటరు ఇలా ఉండడం నాకు మింగుడు పడలేదు.

మరొకటి, రిపోర్టు ముందుగా వాట్సాప్‌లో, రాత్రి పూట, ఏ వివరణా లేకుండా వచ్చింది. అందులో "స్పిండిల్ సెల్ నియోప్లాజం" (పొడవాటి కణాల గడ్డ) అన్న మాటతో వాక్యం మొదలవుతుంది. హాని చేయనిదన్న మాట చివరి వరుసలో ఉంది. మా మేనల్లుడు మొదటి మాటనే గూగుల్‌లో వెతికి, ఇంటిల్లిపాదినీ తెల్లవార్లూ మేల్కొలిపి కూర్చోబెట్టాడు. రిపోర్టు ముందుగా సర్జన్‌కు పంపి, రోగికి ఆయన ద్వారా చెప్పించడమో, లేదా పైన రెండు తెలుగు వాక్యాలు రాయడమో చేస్తే ఈ హైరానా తప్పుతుంది.

రిపోర్టు నాణ్యత మాత్రం మెచ్చదగినది. ముక్క కొలతలు, కోసిన ముఖం రంగు, కణాల వర్ణన, విభజన చెందే కణాలు కనిపించలేదన్న మాట, చచ్చిన కణజాలం లేదన్న మాట, అంచుల్లో గడ్డ మిగల్లేదన్న మాట, ఇమ్యూనో ఫలితాలు, వాటిని బట్టి వేటిని కాదనుకున్నారో, ఎందుకు కాదనుకున్నారో అన్నీ వరుసగా ఉన్నాయి. వేలూరులో పనిచేసే మా బంధువుల డాక్టరుకు పంపితే, ఇంకేమీ అడగనవసరం లేదన్నారు. పూర్తిగా తీసిన యాంజియోలియోమయోమా మళ్లీ రావడం చాలా అరుదు గనుక సర్జన్ గారు వేరే వైద్యం ఏదీ రాయలేదు. అక్క ఇప్పుడు చన్నీళ్లతోనే కాళ్లు కడుక్కుంటోంది.

మిగిలిన వసతుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ల్యాబ్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు చిన్నది, కారు పెట్టుకోవడానికి చోటు లేదు. ఆటోలో రావడమే మేలు. డబ్బు ఇబ్బంది ఉన్నవారికి నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు మెడికల్ కాలేజీలకు అనుబంధమైనవి కనుక అక్కడా పాథాలజీ విభాగాలు ఉన్నాయి. శస్త్రచికిత్స అక్కడే చేయించుకుంటే ముక్క నేరుగా వాళ్లకే చేరుతుంది.

ఈ ల్యాబ్‌కే వెళ్లేవారు స్కానింగు రిపోర్టు ప్రతిని, సర్జన్ చేత గడ్డ లోతు రాయించిన చీటీని వెంట తీసుకువెళ్లాలి. ఇమ్యూనో ఖర్చు అంచనా మొదటి రోజే రాసి ఇమ్మని పట్టుబట్టాలి. రెండో అభిప్రాయం కావాలంటే దరఖాస్తు రాసి, సంతకం పెట్టి స్లైడ్లు, మైనపు దిమ్మ తీసుకోవచ్చు, పని అయ్యాక వాటిని తిరిగి అప్పగించాలి. ఆదివారం ముక్కలు తీసుకోరు; శనివారం ఆపరేషను పెట్టుకున్నవారు మధ్యాహ్నంలోపు సీసా చేరేలా చూసుకోవాలి.