డ్రెస్డెన్ ఫ్రావెన్‌కిర్ఖె: తప్పక చూడవలసిన చర్చి

జర్మనీలోని డ్రెస్డెన్‌కు వెళ్లేవారు ఫ్రావెన్‌కిర్ఖె చర్చికి కనీసం సగం రోజైనా కేటాయించాలని నా గట్టి సలహా. 1945 ఫిబ్రవరిలో బ్రిటన్, అమెరికా విమానాల బాంబుదాడికి కూలిపోయి, దశాబ్దాల పాటు రాళ్లగుట్టగా మిగిలిన ఈ లూథరన్ చర్చిని పునర్నిర్మించి, 2005 అక్టోబరు 30న తిరిగి ప్రతిష్ఠించారు. గోపురంపై ఉన్న బంగారు పూత సిలువ బ్రిటన్ ప్రజల కానుక. దానిని మలిచిన స్వర్ణకారుడు ఆలన్ స్మిత్ తండ్రి ఆనాటి దాడిలో పాల్గొన్న విమాన చోదకుడని తెలిసినప్పుడు నేను కదిలిపోయాను. లోపల ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నగర క్రైస్తవ సంఘంతో బంధానికి గుర్తుగా మేకుల సిలువ ఉంది. 1940 నవంబరు 14న జర్మన్ బాంబులకు ఆ ఊరి కథీడ్రల్ కాలిపోగా, శిథిలాల్లో దొరికిన పైకప్పు మేకులతో తొలి మేకుల సిలువను చేశారు. పరస్పరం గాయపరచుకున్న రెండు దేశాల సంఘాలు కలిసి ప్రార్థించడానికి ఇంతకంటే తగిన గుర్తు నాకు తోచదు.

శిథిలాల్లో దొరికిన, వంకరపోయిన పాత గోపుర సిలువను, గోడల్లో లేత రంగు కొత్త రాళ్ల నడుమ పొదిగిన నల్లని పాత రాళ్లను నిదానంగా చూడండి. ప్రార్థనా మందిరానికి ప్రవేశ రుసుము లేదు. గోపురానికి మాత్రం టికెట్ కొనాలి. లిఫ్టు కొంతవరకే వెళ్తుంది, ఆపైన మెట్లు నిటారుగా ఉంటాయి కనుక మోకాళ్ల నొప్పులున్నవారు కిందనే ఉండి ఆరాధనలో పాల్గొనడం మేలు.