పందికీ జింకకీ ఏ రైఫిల్ మేలు: .308ఆ, .30-06ఆ?

మా అక్క కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ స్నేహితుడి పొలంలో అడవిపందులు మొక్కజొన్నను నాశనం చేస్తున్నాయట. "మామా, రైఫిల్ కొంటున్నా. .308 తీసుకోనా, .30-06 తీసుకోనా?" అని పోయిన వారం ఫోన్ చేశాడు. నేను మిలిటరీలో ఏళ్ల తరబడి ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) మోసినవాణ్ని. ఉదయగిరి పక్కన మా చేలో పందులు ఒక్క రాత్రిలో వేరుశనగ సాళ్లను నాగలితో దున్నినట్టు పెళ్లగించి పోతే, పొద్దున్నే వెళ్లి ఆ మట్టిలో నిలబడ్డవాణ్ని. అందుకే ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోలేకపోయాను.

ఇవి రెండూ తూటా రకాల పేర్లు, రైఫిల్‌ని కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. .30-06 పాతది. గొట్టం లోపలి వెడల్పు 0.30 అంగుళాలు, 1906లో అమెరికా సైన్యం తీసుకుంది, పేరులోనే రెండూ ఉన్నాయి. .308 వచ్చింది 1952లో. మా ఎస్‌ఎల్‌ఆర్‌లో వాడిన 7.62 తూటాకి ఇది తోబుట్టువు లాంటిది. .30-06 ఖోకా (మందు నింపే ఇత్తడి గొట్టం) పొడవు 63 మిల్లీమీటర్లు, .308ది 51. అప్పటికి తుపాకీ మందు మెరుగుపడింది కాబట్టి పొట్టి ఖోకాలోంచే దాదాపు అదే వేగం రాబట్టారు. 150 గ్రెయిన్ల తూటా, అంటే పది గ్రాములకి కాస్త తక్కువ, .308లో సెకనుకి సుమారు 2,800 అడుగుల వేగంతో పోతే .30-06లో 2,900తో పోతుంది. ఆ వంద అడుగుల తేడా పందికి తెలియదు.

తేడా తెలిసేది మన భుజానికి. .30-06 కాస్త గట్టిగా తంతుంది. కొత్తవాడు నాలుగు రౌండ్లు కాల్చేసరికి ఐదోదానికి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుంటాడు. రేంజ్‌లో రిక్రూట్లను చూశాను, గురి చెడేది అక్కడే. .308 రైఫిల్ బోల్టు (తూటాని లోపలికి తోసే కడ్డీ) కూడా కాస్త పొట్టిగా, చేతికి తేలిగ్గా ఉంటుంది. రేపు పర్వతాల్లోకి ఎల్క్ అనే పెద్ద జింక వేటకి వెళ్తానంటే, 180 గ్రెయిన్లు, ఆ పైన బరువు తూటాలకి .30-06 మేలని ఒప్పుకుంటాను. వాడు వెళ్లిన షాపులో ఎవరో .375 కూడా చూపించారట. అది 1912లో ఆఫ్రికా అడవిదున్నల లాంటి వాటికోసం పుట్టింది, దాని తన్ను .30-06కి దాదాపు రెట్టింపు. వద్దే వద్దన్నాను.

వాడు అడగనిది ఇంకోటుంది, నా లెక్కలో అదే ముఖ్యం: ఏ తూటా? మిలిటరీ తూటా చుట్టూ రాగి తొడుగు నిండుగా ఉంటుంది, సూదిలా దూసుకుపోతుంది. పంది ఆ గాయంతోనే పొదల్లోకి పోయి గంటల తరబడి చస్తుంది. అది పాపం. వేటకి సాఫ్ట్ పాయింట్ వాడాలి. మొనలో సీసం బయటికి ఉంటుంది, తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ముదురు మగపందికి భుజం మీద చర్మం కింద డాలు లాంటి మందపాటి పొర ఉంటుంది కాబట్టి మరీ తేలికది కాకుండా 150 నుంచి 165 గ్రెయిన్లది తీసుకోమన్నాను. పందికి గుండె మనం అనుకున్నదానికంటే కిందికీ ముందుకీ ఉంటుంది. ముందుకాలు వెనకనే, ఒంటి ఎత్తులో కింది మూడో వంతులో గురి పెట్టాలి.

టెక్సాస్‌లో ప్రైవేటు భూమి మీద యజమాని ఒప్పుకుంటే పందుల వేటకి 2019 నుంచి లైసెన్సు కూడా అక్కర్లేదు. జింకకైతే లైసెన్సూ కావాలి, సీజనూ ఉంటుంది. ఇది చదివి మన వెలికొండల్లో ఎవరూ ఆశపడొద్దు. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, మన చేలో పడ్డ పందినైనా అటవీశాఖ అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. ఇక చేను చుట్టూ కరెంటు తీగ కట్టడమంటే సాటి రైతు ప్రాణంతో ఆడటమే.

వాడికి .308 చెప్పాను. వంద గజాల దూరంలో చిన్న పళ్లెమంత గుండ్రంలో ఐదుకి ఐదూ పడేదాకా పొలంలో అడుగు పెట్టొద్దనీ చెప్పాను. మొన్న రాత్రి కాగితం ఫొటో పంపాడు. మూడు లోపల, రెండు బయట. ఇంకో పెట్టె తూటాలు కొనుక్కోరా అన్నాను.