పదమూడేళ్ల ఎయిర్ గన్ను, ఒక తోలు వాషరు

2012 మే నెలలో, తిరుపతి గంగజాతర ముగిసిన మరునాడు కొన్నాను దీన్ని. బెలూన్లు కాల్పించే షాపాయన సామాను సర్దుకుంటున్నాడు. ఆయన దగ్గర నాలుగు గన్నులున్నాయి, మూడింటికి కట్టె పగిలిపోయింది. నాలుగోదాని కట్టె మీద ఎవరో మేకుతో 'ఓం' అని గీశారు. పద్దెనిమిది వందలకు ఇచ్చాడు. బిల్లు కావాలంటే నవ్వి, ఓ కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం ఇంకా బీరువాలో ఉంది. కొన్నప్పుడు మాది చిత్తూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. గన్ను మాత్రం అదే.

జర్మనీ వాళ్ల డయానా 35 నమూనా చూసి మన దేశంలో చేసిన రకం ఇది. బారెల్ కిందికి మడిస్తే లోపలి స్ప్రింగు ముడుచుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే పిస్టన్ ముందుకు దూకుతుంది, దాని ముందున్న గాలి నలిగి చిన్న గుండును, అంటే పెల్లెట్‌ను, తోస్తుంది. ఓ రకంగా సైకిల్ పంపే.

నా చేతికి వచ్చేసరికి గురి ఘోరంగా ఉంది. పది మీటర్ల నుంచి కొడితే అట్టపెట్టెకు తగిలేది, అట్టమీద గీసిన గుండ్రానికి తగిలేది కాదు. వెనక గురి బద్దను షాపాయన కావాలనే పక్కకు వంచి పెట్టుకున్నాడని నా అనుమానం. బెలూన్లు అన్నీ పగిలిపోతే ఆయనకేం మిగులుతుంది మరి! బద్ద సరిచేశాక ఐదు గుండ్లు రూపాయి బిళ్లంత చోట్లో పడటం మొదలైంది. ఇన్నేళ్లలో అంతకన్నా బాగా ఎప్పుడూ కొట్టలేదు, అది గన్ను తప్పు కూడా కాదు. ఎయిర్ రైఫిల్ పోటీల్లో పది మీటర్ల టార్గెట్ మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే ఉంటుంది. ఆ లోకం వేరు, ఆ గన్నులు వేరు.

పట్టుకోవడం ఒకటి నేర్చుకోవాలి. కొత్తవాళ్లు భుజానికి గట్టిగా అదిమి పట్టుకుంటారు. స్ప్రింగు గన్ను ముందు వెనక్కి తన్ని, పిస్టన్ ఆగే చోట మళ్లీ ముందుకు కుదుపుతుంది. గట్టిగా పడితే ఆ కుదుపు ప్రతిసారీ ఒక్కోలా చేతికి తగిలి గుండు ఒక్కోచోట పడుతుంది. ఎడమ అరచేతిలో ఊరికే ఆనించి, దాని మానాన దాన్ని కదలనివ్వాలి.

మా తాతకు పలమనేరు పక్క ఊళ్లో లైసెన్సు ఉన్న ఒంటి గొట్టం తుపాకీ ఉండేది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. దాని గుర్రం, అంటే ట్రిగ్గర్ నొక్కితే పడే సుత్తి, వదులైనప్పుడు నేనే విప్పి చూస్తానంటే, ఆయన నా చేతిమీద ఒక్కటి వేశాడు. అప్పుడు కోపం వచ్చింది కానీ ఆయన మాటే కరెక్టు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ రిపేరు లైసెన్సున్న దుకాణమే చేయాలి, ఇంట్లో చేస్తే నేరం. 2016 నిబంధనల ప్రకారం 0.177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ గన్నుకు మాత్రం లైసెన్సు అక్కర్లేదు. ఒక స్నేహితుడి దగ్గర వేగం కొలిచే యంత్రం ఉంటే పెట్టి చూశాం. అర గ్రాము పెల్లెట్ సెకనుకు 165 మీటర్ల దగ్గర వెళ్తోంది. లెక్క వేస్తే ఏడు జౌళ్లకు కాస్త తక్కువ.

"అడివిపందికి పనికొస్తుందా బావా?" అని ఊరికి పోయినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు. రాదు. ఏడు జౌళ్లతో దానికి పుండు పడుతుంది, మీకు కేసు పడుతుంది. మామిడి తోటలో చిలకల్ని కొడతామనే వాళ్లకూ అదే జవాబు. 1972 వన్యప్రాణి చట్టం చిలకకూ వర్తిస్తుంది.

ఇక రిపేర్ల సంగతి. మొదటి దెబ్బ మా మేనల్లుడి చేతిలో తగిలింది. బారెల్ మడిచి ఉండగానే ట్రిగ్గర్ నొక్కాడు. బారెల్ పైకి ఫట్‌మని లేచి కొట్టుకుంది. వాడి వేళ్లు అక్కడ లేవు, దేవుడి దయ. బారెల్ మాత్రం పైకి కొద్దిగా వంగి, గుండ్లన్నీ జానెడు పైన పడటం మొదలైంది. వేపచెట్టు పంగలో గోనెసంచి వేసి, దాంట్లో బారెల్ పెట్టి, కొంచెం వంచడం, కాల్చి చూడటం, మళ్లీ కొంచెం వంచడం. ఒక ఆదివారమంతా పట్టింది. పద్ధతిగా చేసే పని కాదని తెలుసు, అయినా కుదిరింది.

రెండోది మళ్లీ వాడే. బారెల్‌లో కొబ్బరినూనె పోశాడు. మొదటి దెబ్బకు పెద్ద చప్పుడు, గొట్టం కొసన సన్నటి పొగ, వడలు మాడిన వాసన. "మామా, పవర్ పెరిగింది!" అని గంతులు. పెరిగితే పెరిగి ఉండొచ్చు, కానీ అది గన్ను పవర్ కాదు. గాలి నలిగినప్పుడు పుట్టే వేడికి లోపలి నూనె మండింది, డీజిల్ ఇంజన్‌లో జరిగేదే. పది దెబ్బలు అలా కొట్టాడు, పదకొండోదానికి లోపల కరకరమంది. స్ప్రింగు రెండు ముక్కలు. అప్పటి నుంచి మా ఇంట్లో నూనె సీసా ఒక గదిలో, గన్ను ఒక గదిలో.

అసలు పరీక్ష 2021 నవంబరులో. తిరుపతిలో ఆ వానలు చూసినవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు. మా వీధి లోతట్టున ఉంది. మంచం కింద చీర గుడ్డలో చుట్టి పెట్టిన గన్ను ఒకటిన్నర రోజు బురద నీళ్లలో ఉండిపోయింది. బియ్యం డబ్బా, పిల్లల సర్టిఫికెట్లు మంచం మీదికి ఎక్కాయి కానీ అది గుర్తు రాలేదు. తీసి చూస్తే గొట్టం నిండా ఇటుక రంగు.

విప్పేటప్పుడు ఒక్క విషయం. స్ప్రింగు లోపల ఊరికే ఉండదు, బారెల్ మడవకపోయినా నొక్కుకునే ఉంటుంది. ట్రిగ్గర్ దిమ్మను పట్టుకున్న రెండు పిన్నులు ఉత్త చేత్తో కొట్టేస్తే దిమ్మ వచ్చి ముఖం మీద పడుతుంది. వడ్రంగులు వాడే పొడవాటి క్లాంపు బిగించి, పిన్నులు తీసి, మెల్లగా మరను వదలాలి. ట్రిగ్గర్‌లో మూడు చిన్న ఇనుప గుళికలు ఉంటాయి, స్ప్రింగును పట్టి ఉంచేవి అవే. కింద పళ్లెం పెట్టకుండా తీస్తే ఒకటి బీరువా కిందికి పోతుంది, నాకు పోయింది. బిగించేటప్పుడు వాటిని గ్రీజుతో అతికించి పెట్టుకుంటే కదలకుండా కూర్చుంటాయి.

తుప్పు కిరసనాయిలుతో, సన్నటి ఇనుప పీచుతో వచ్చేసింది. నల్లరంగు కొంత పోయింది, పోనీ. పోకూడనిది ఒకటి పోయింది, పిస్టన్ తలమీది తోలు వాషరు. నీళ్లు తాగి ఉబ్బి, ఎండాక అప్పడంలా పెళుసుబారింది. వేలితో నొక్కితే పెంకులు లేచాయి.

ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ వాషర్లు దొరికాయి. రెండు తెప్పించాను. ఒకటి బిగుతు, ఒకటి వదులు. డబ్బు దండగ. చివరికి తీసుకెళ్లి గాంధీ రోడ్డు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన ముందు పాత వాషరు పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం నాయనా, బోరింగుదా?"

"కాదు తాతా, ఎయిర్ గన్నుది."

"ఏదైతేనేం, పనొకటే గదా."

నిజమే. బోరింగు చేతిపంపులో నీళ్లు లాగేదీ ఇలాంటి తోలు గిన్నే. ఆయన చెప్పు అట్టకు వాడే గట్టి తోలు ముక్క ఇచ్చి, "గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టు, మరిగే నీళ్లలో పెడితే ముడుచుకుంటుంది" అన్నాడు. నలభై రూపాయలు. లేత్ షాపులో 28 మిల్లీమీటర్ల లోపలి కొలతతో ఇనుప గొట్టం ముక్క చేయించాను. నానిన తోలును బోల్టుతో దాంట్లోకి లాగి, గిన్నెలా వంగాక రెండు రోజులు నీడన ఆరబెట్టాను. అంచు బ్లేడుతో కోసి, కిర్రు చెప్పులకు పెట్టినట్టే ఆముదం రాసి రాత్రంతా ఉంచి, మిగిలింది గుడ్డతో తుడిచేశాను. సిలిండర్‌లోకి తోస్తే గాలి వెనక్కి తన్నుతూ మెత్తగా దిగింది. ఆ క్షణంలో కలిగిన సంతోషం గన్ను కొన్నప్పుడు కూడా కలగలేదు.

మొదటి యాభై దెబ్బలు కాస్త పొగ, ఆముదం వాసన. తర్వాత సర్దుకుంది. రెండేళ్లకు ఆముదం జిగురుగా మారితే విప్పి తుడిచాను. ఈసారి రెండు చుక్కలే పెట్టాను, మొదటిసారే అలా చేసి ఉండాల్సింది. వాషరు మాత్రం ఇంకా అదే. పెల్లెట్ లేకుండా ఎప్పుడూ కాల్చను. ముందు అడ్డు లేకపోతే పిస్టన్ నేరుగా పోయి సిలిండర్ గోడకు గుద్దుకుంటుంది. మడిచి పెట్టి మరిచిపోవడం కూడా చేయను, స్ప్రింగు బలం తగ్గిపోతుంది.

నచ్చనివీ ఉన్నాయి. ట్రిగ్గర్ బరువు ఒక్కోరోజు ఒక్కోలా ఉంటుంది. మడవడానికి బలం కావాలి, మా ఆవిడ మోకాలి మీద పెట్టి మడుస్తుంది, అయినా నాకన్నా బాగా కొడుతుంది. కొత్తది కొనాలా, ఇలాంటి పాతది వెతకాలా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇది. స్క్రూడ్రైవర్ పట్టుకుంటే చిరాకు పడేవాళ్లు కొత్తదే తీసుకోండి. ఆదివారాలు ఖాళీగా ఉండి, చెప్పులు కుట్టే తాతతో కబుర్లు ఇష్టమైతే పాతదే మేలు.

వెనక గురి బద్ద స్క్రూ మళ్లీ వదులైంది. ప్రస్తుతం దారం చుట్టి నడిపిస్తున్నాను. లేత్ షాపతను సైజు స్క్రూ చేసిస్తానని సంక్రాంతి ముందు చెప్పాడు, ఇప్పుడు ఉగాది దాటింది.