తునికి రెండు వైపులా విమానాశ్రయాలే: పదేళ్ళు దాటిన వాడకం తరువాత నా మాట

మాది తుని. వైజాగ్ విమానాశ్రయం మాకు వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. మధురపూడిలో ఉన్న రాజమండ్రి విమానాశ్రయం కూడా దాదాపు అంతే దూరం. మందుల ఫ్యాక్టరీల్లో యంత్రాలకు సర్వీసు చేసే ఉద్యోగం నాది. నెలకు రెండు మూడుసార్లు హైదరాబాదో, బెంగళూరో, ముంబైయో వెళ్ళక తప్పదు. 2012లో మధురపూడి టెర్మినల్ కొత్తగా తెరిచిన ఏడాదే ఉద్యోగంలో చేరాను. అప్పటి నుంచి ఈ రెండింటినీ మార్చి మార్చి వాడుతూనే ఉన్నాను. వైజాగ్ విమానాలు విజయనగరం జిల్లా భోగాపురంలోని కొత్త విమానాశ్రయానికి వెళ్ళిపోతున్నాయంటే మా ఊళ్ళో చాలామంది "మనకేం పోయింది" అంటున్నారు. మనకే ఎక్కువ తేడా వస్తుందని నా నమ్మకం. అందుకే రాస్తున్నాను.

ముందు వైజాగ్. ఊరికి ఇంత దగ్గరగా విమానాశ్రయం ఉండటం ఒక వరం. ఎన్ఏడీ జంక్షన్ పక్కనే, హైవే మీదనే. తుని వైపు నుంచి వెళ్ళేవాళ్ళకు లంకెలపాలెం, కూర్మన్నపాలెం, గాజువాక దాటడమే కష్టం. స్టీలు ప్లాంటు లారీలు, పోర్టు ట్రైలర్లు అన్నీ అదే దారి. అనకాపల్లి దాకా గంటంబావు, అక్కడి నుంచి ఇంకో గంట అని లెక్క వేసుకుని బయలుదేరడం అలవాటైంది. 2009 నాటి టెర్మినల్ శుభ్రంగానే ఉంటుంది. సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్‌లకు నేరుగా విమానాలు చూసింది కూడా మన ప్రాంతంలో ఇదే.

కానీ అక్కడ రన్‌వే మనది కాదు, నౌకాదళానిది. ఆ స్థావరం పేరు ఐఎన్ఎస్ డేగా. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో ఉన్నది ప్రయాణికుల టెర్మినల్, విమానాలు నిలిపే చోటు మాత్రమే. ఈ సంగతి తెలియకపోతే వైజాగ్ విమానాల వేళలు ఎందుకలా ఉంటాయో అర్థం కాదు. పగలు కొన్ని గంటలు నౌకాదళ శిక్షణకు కేటాయిస్తారు, ఆ గంటల్లో పౌర విమానాలకు చోటు దొరకదు. 2022 నవంబరు నుంచి కొన్ని నెలలు రన్‌వేకు కొత్త పొర వేయడానికి రాత్రిళ్ళు మూసేశారు. నౌకాదళాన్ని తప్పుపట్టడం లేదు. ఆ రన్‌వే పుట్టిందే దేశరక్షణ కోసం. పరాయి స్థలంలో ఉన్నంతకాలం ఎంత గిరాకీ ఉన్నా రూట్లు ఒక హద్దు దాటి పెరగవు. భోగాపురం అవసరం అక్కడే పుట్టింది.

భోగాపురం కథలో సొంతదారు ఎవరన్నది చాలా మలుపులు తిరిగింది. మొదటి టెండరులో ఆదాయంలో ఎక్కువ వాటా ఇస్తామని ముందు నిలిచింది కేంద్రానికి చెందిన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీయే. ఆ టెండరును 2018లో రాష్ట్ర ప్రభుత్వం రద్దు చేసింది. మళ్ళీ పిలిచినప్పుడు, 2019లో, ఒక్కో ప్రయాణికుడికి 303 రూపాయల చొప్పున ప్రభుత్వానికి ఇస్తామన్న జీఎంఆర్‌కు దక్కింది. హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయాన్ని నడిపే ప్రైవేటు సంస్థ అది. 2020 జూన్‌లో ఒప్పందం కుదిరింది. మొదట 2,703 ఎకరాలు అనుకున్నది 2,203 ఎకరాలకు తగ్గింది. 3,800 మీటర్ల రన్‌వే, మొదటి దశలో ఏడాదికి 60 లక్షల మందికి సరిపోయే టెర్మినల్. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. మన్యానికి ఆనుకుని బతికే మాలాంటివాళ్ళకు ఆ పేరు చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది.

అయితే అది మొదలైతే వైజాగ్‌లో పౌర విమానాలు ఆగిపోవాలన్నది ఒప్పందం. గోవాలో అలా లేదు. వెర్నాలోని మందుల ఫ్యాక్టరీలకు ఏడాదికి రెండుసార్లయినా వెళ్తాను. అక్కడ దబోలిం విమానాశ్రయం కూడా నౌకాదళ స్థావరంలోనే ఉంది. 2023 జనవరిలో ఉత్తరాన మోపాలో జీఎంఆర్ కొత్తది తెరిచినా దబోలింను మూయలేదు. కొన్ని సంస్థలు మోపాకు మారాయి, కొన్ని దబోలింలోనే ఉన్నాయి. వెర్నాలో పనుంటే దబోలింకు టికెట్ కొంటాను, అరగంటలో ఫ్యాక్టరీలో ఉంటాను. మోపాలో దిగిన రోజున రోడ్డు మీదే పూట గడిచిపోయింది. రెండిటిలో ఒకటి ఎంచుకునే వీలు నాకుంది.

వైజాగ్‌లో ఆ వీలుండదు. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్, నక్కపల్లి మందుల ఫ్యాక్టరీలు అన్నీ నగరానికి దక్షిణాన. భోగాపురం ఉత్తరాన, విజయనగరం జిల్లాలో. అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం దాకా వేసిన ఆరు వరసల రోడ్డు లేకపోతే ఆ దారి ఊహించడమే కష్టం. ఆ రోడ్డు మీద నిరుడు కారులో వెళ్ళి చూశాను. గాజువాక గొడవ లేదు, హాయిగా ఉంది. కానీ మా ఇంటి నుంచి 140 కిలోమీటర్ల దాకా తేలింది. ఇన్నాళ్ళూ రెండు విమానాశ్రయాలకు మధ్య గీత మా తుని మీదుగా పోయేది. ఇక అది ఇరవై కిలోమీటర్లు ఉత్తరానికి జరిగి నక్కపల్లి దగ్గర పడుతుంది. పాయకరావుపేట, తుని, అన్నవరం వాళ్ళు, నర్సీపట్నం వైపు నుంచి దిగివచ్చేవాళ్ళలో సగం మంది మధురపూడి వైపు చూస్తారు.

మధురపూడి ఆ భారం మోయగలదా? 2012లో నేను మొదట ఎక్కినప్పుడు రన్‌వే 1,749 మీటర్లు. రెక్కల ముందు పంకాలు తిరిగే చిన్న విమానాలే దిగేవి. 80 సీట్లలోపు దేశీయ విమానాలకు ల్యాండింగ్ చార్జీ ఉండదు, కాబట్టి చిన్న ఊళ్ళకు అవే నడుస్తాయి. తరువాత రన్‌వేను 3,165 మీటర్లకు పెంచారు. 2024 డిసెంబరులో ముంబైకి, ఢిల్లీకి నేరుగా పెద్ద విమానాలు మొదలయ్యాయి. అంటే వైజాగ్ రన్‌వే కన్నా ఇది పొడవైంది! ఇది చెబితే మా ఊళ్ళో ఇప్పటికీ నమ్మరు.

లోపాలూ ఉన్నాయి. డిసెంబరు, జనవరి పొద్దుటి పూట గోదావరి పొగమంచు. ఒకసారి గాల్లోనే చాలాసేపు తిరిగి, దిగలేక వెనక్కి హైదరాబాద్ పోయాం. జెట్ ఎయిర్‌వేస్ 2019లో మూతపడింది. ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. పోటీ పోయాక పండుగలకు ధరలు మండుతాయి. ఒక సంక్రాంతికి గంట ప్రయాణానికి 11,000 రూపాయలు పెట్టాను. హైదరాబాద్ మాత్రమే పనైతే నేనిప్పుడు తునిలో రాత్రి రైలెక్కుతాను. పగలైతే రాజమండ్రిలో వందేభారత్ ఉంది. మధురపూడికి భవిష్యత్తు హైదరాబాద్ రూటులో లేదు. రైలుకు పగలంతా, రాత్రంతా పట్టే ఊళ్ళకు, ముంబై, ఢిల్లీ, బెంగళూరులకు నేరుగా వెళ్ళే విమానాల్లో ఉంది.

ఇప్పుడు విమానాశ్రయాలను అమ్మేస్తున్నారన్న మాట. 2021లో కేంద్రం ప్రకటించిన ఆస్తుల జాబితాలో లీజుకు ఇవ్వదలచిన 25 విమానాశ్రయాల్లో విజయవాడ, తిరుపతితో పాటు రాజమండ్రి కూడా ఉంది. నిజానికి ఇది అమ్మకం కాదు, దీర్ఘకాలపు లీజు. 2019లో అహ్మదాబాద్, జైపూర్, లక్నో, తిరువనంతపురం, మంగళూరు, గువాహటిలను 50 ఏళ్ళకు ఇచ్చినట్టు. ఆ ఆరింటికీ ఒక్కో ప్రయాణికుడికి ఎక్కువ రుసుం పలికినవారికే టెండరు దక్కింది. ఎక్కువమంది ఎక్కే ఊళ్ళకు ఆ లెక్క సరిపోతుంది. మధురపూడిలాంటి దానికి సరిపోదని నా అనుభవం చెబుతోంది. ప్రభుత్వ సంస్థ కింద ఉన్నంతకాలం పెద్ద విమానాశ్రయాల రాబడి చిన్నవాటి నష్టాన్ని పూడుస్తుంది. రన్‌వే పెంచింది ఆ డబ్బుతోనే, లాభం చూసుకుని కాదు. ఒంటరిగా లీజుకిస్తే తీసుకున్నవారు ఆ ఖర్చును మా టికెట్ మీద వేయక ఏం చేస్తారు?

ప్రైవేటు అంటే నాకు వ్యతిరేకత లేదు. శంషాబాద్ 2008 నుంచి నా కళ్ళ ముందే పెరిగింది, నాకు అది ఇష్టం. కానీ ఆ ఒప్పందంలోనే 150 కిలోమీటర్ల లోపల మరో విమానాశ్రయం రాకూడదన్న షరతు ఉంది. నిజాం కాలంలో కట్టిన వరంగల్ మామునూరు ఎన్నో ఏళ్ళు ఆ గీత లోపల చిక్కుకుపోయింది. జీఎంఆర్ అభ్యంతరం లేదన్నాకే 2025లో దానికి అనుమతి వచ్చింది. మధురపూడిని ఎవరికైనా ఇచ్చేటట్టయితే అలాంటి గీతలు ఎక్కడ గీస్తున్నారో ముందు మాకు చూపించాలి. ఏయే ఊళ్ళకు రోజుకు ఎన్ని విమానాలు ఉండాలో కూడా కాగితం మీద పెట్టించాలి. విమానాల వేళలకు తుని, కాకినాడ, అమలాపురం నుంచి ఆర్టీసీ బస్సు కావాలి. ట్యాక్సీకి పెట్టేది టికెట్‌లో సగం అవుతోంది.

పోయిన నెల ముంబై నుంచి మధురపూడికి వచ్చే విమానంలో నా పక్క సీటులో రాజోలు దగ్గరి ఒకావిడ. కువైట్‌లో ఇంటిపని చేస్తుందట, నాలుగేళ్ళ తరువాత వస్తోంది. కిందటిసారి హైదరాబాద్‌లో దిగి, సామాను మోసుకుని, రాత్రంతా బస్సులో కూర్చుని ఊరు చేరిందట. "ఈసారి ఇక్కడే దిగిపోతానంటే మా అమ్మ నమ్మలేదు బాబూ" అంది. బయట గేటు దగ్గర ఆ తల్లి, ఇద్దరు పిల్లలు నిలబడి ఉన్నారు. చిన్నవాడు ఆమెను గుర్తుపట్టక అమ్మమ్మ వెనక్కి నక్కాడు. వాళ్ళ వ్యాను రాజమండ్రి వైపు తిరిగేదాకా నేను అక్కడే ఉండిపోయాను.