జేబులోకి ఏ మడత చాకు: కేడెట్టా, ఓపినెలా?

విక్టోరినాక్స్ కేడెట్‌ది అల్యూమినియం పిడి. మడిస్తే 84 మిల్లీమీటర్లే, ఆఫీసు ప్యాంటు జేబులో ఉన్నట్టే తెలియదు. సీసా మూత తీస్తుంది, స్క్రూ బిగిస్తుంది. కానీ బ్లేడుకు లాక్ లేదు. మొనతో గట్టిగా పొడిస్తే వేళ్ల మీదికి మడుచుకోవచ్చు.

ఓపినెల్ 7వ నంబరుది 8 సెంటీమీటర్ల బ్లేడు, చెక్క పిడి. ఉంగరంలాంటి లాక్ తిప్పితే ఇక కదలదు. మొజంజాహీ మార్కెట్లో కొన్న మామిడికాయను పల్చగా కోస్తుంది. కార్బన్ స్టీల్ రకమైతే ఆ పులుపుకే నల్లబడుతుంది. వానాకాలంలో చెక్క ఉబ్బితే బ్లేడు బయటికి లాగేసరికి గోరు విరిగినంత పనవుతుంది. పైగా పిడి గుండ్రం, జేబు ఎత్తుగా కనిపిస్తుంది.

నా ఓటు కేడెట్‌కే. ఓపినెల్ వంటింట్లో ఉంది. మెట్రో ఎక్కే రోజు మాత్రం రెండూ ఇంట్లోనే. అమీర్‌పేట స్కానర్ దగ్గర క్యూ ఆపి సంజాయిషీ చెప్పుకోవడం నావల్ల కాదు.